రికార్డో జోలికి వెళ్లే ముందు: నాలుగు పాత పాఠ్యపుస్తకాల్లో మీకు సరిపడేది ఏది?

ఎం.ఏ. ఎకనామిక్స్ చేసేవాళ్లకీ, సివిల్స్‌కి అదే ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లకీ క్లాసికల్ సిద్ధాంతం, అంటే ఆడమ్ స్మిత్ నుంచి రికార్డో, మిల్‌ల దాకా నడిచిన పాత ఇంగ్లిష్ ఆర్థిక శాస్త్రం, గైడ్లలో నాలుగు పేజీల్లో అయిపోతుంది. స్మిత్‌కి ఒక పేరా, మాల్థస్‌కి ఒక పేరా, రికార్డోకి ఒకటిన్నర, చివర్లో ‘విమర్శలు’ అంటూ ఐదు పాయింట్లు. మార్కులు వస్తాయి. కానీ కౌలు పెరిగినంత మాత్రాన ధాన్యం ధర పెరగదని రికార్డో ఎందుకన్నాడో ఎవరైనా నిలదీస్తే నోరు పెగలదు. పోనీ మూలమే చదువుదామని ఆడమ్ స్మిత్ 1776 నాటి పుస్తకం తెరిస్తే, మొదటి భాగం చివర వెండి ధరల మీద సాగే అంతులేని చర్చ దగ్గర చాలామంది ఆగిపోతారు. రికార్డో 1817లో తెచ్చిన పుస్తకం ఇంకా గట్టిది. అందులో అన్నిటికంటే కష్టమైన అధ్యాయం మొదటిదే.

ఈ ఇబ్బంది ఆ కాలపు ఇంగ్లండ్ పాఠకులకూ ఉండేది. అందుకే 1816 నుంచి 1870 దాకా, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే రాసిన పుస్తకాలు వరసగా వచ్చాయి. వాటిలో నాలుగింటిని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. జేన్ మార్సెట్ సంభాషణలు, జేమ్స్ మిల్ పాఠం, హారియెట్ మార్టినో కథలు, మిలిసెంట్ ఫాసెట్ ప్రైమర్. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. యూనివర్సిటీ గడప తొక్కనివ్వని రోజుల్లో సబ్జెక్టును జనానికి చేర్చిన పనిలో ఎక్కువ భాగం వాళ్లదే, గైడ్లలో మాత్రం వాళ్ల పేరు కూడా ఉండదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఒక్కటే చదివే ఓపిక ఉంటే మార్సెట్. లెక్కలా, మెట్టు మెట్టుగా వచ్చే వాదన మీకు ఇష్టమైతే జేమ్స్ మిల్, అదీ రెండో అధ్యాయం. పరీక్ష దగ్గర పడితే ఫాసెట్. సిద్ధాంతం కంటే ఆ సిద్ధాంతాన్ని నమ్మిన సమాజం మీద ఆసక్తి ఉంటే మార్టినో. ఎందుకో కింద చదవండి.

మార్సెట్: ఎదురు ప్రశ్న వేసే శిష్యురాలు

జేన్ మార్సెట్ 1769లో లండన్‌లో స్థిరపడిన ఒక స్విస్ వ్యాపారి ఇంట్లో పుట్టింది. భర్త డాక్టరు, కెమిస్ట్రీలో పరిశోధనలు చేసినవాడు. ఆమె మొదట కెమిస్ట్రీ మీదే సంభాషణల రూపంలో ఒక పుస్తకం రాసింది. బుక్ బైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్న మైకేల్ ఫారడే సైన్సు వైపు తిరగడానికి ఆ పుస్తకం కూడా ఒక కారణం. అదే పద్ధతిలో 1816లో ‘కాన్వర్సేషన్స్ ఆన్ పొలిటికల్ ఎకానమీ’ తెచ్చింది. అంటే రికార్డో పుస్తకం కంటే ఒక ఏడాది ముందు. అప్పటికి కొత్తగా వచ్చిన కౌలు సిద్ధాంతం కూడా ఇందులో ఉంది. రికార్డో ఆమెకు బాగా పరిచయం.

పుస్తకంలో ఇద్దరే మనుషులు. చెప్పే ఆవిడ మిసెస్ బి, వినే అమ్మాయి కెరొలైన్. మొదలే బాగుంటుంది. కెరొలైన్ తనకు నచ్చిన ఒక పాత ఫ్రెంచి రచనలోంచి ఒక భాగం చదివి వినిపిస్తుంది. ఒక నగరంలో ఆడంబరాలన్నీ రద్దు చేసి జనాన్ని పొలాలకు పంపించేశారు, అందరూ సుఖంగా ఉన్నారు. ఎంత మంచి రాజ్యం అని ఆ అమ్మాయి మురిసిపోతుంది. మిసెస్ బి ఒప్పుకోదు. అక్కణ్ణుంచి ఆస్తి, శ్రమ విభజన, పెట్టుబడి, కూలి, జనాభా, కౌలు, డబ్బు, విదేశీ వ్యాపారం దాకా మాటల్లోనే నడుస్తుంది.

నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం సంభాషణ రూపం సులువుగా ఉంటుందని కాదు. కెరొలైన్ ‘అలాగేనండీ’ అనే రకం కాదు. ధనవంతులు విలాసాలకు ఖర్చు పెట్టే బదులు పేదలకు పంచితే పోదా అంటుంది. యంత్రాలు వస్తే పనివాళ్ల గతేమిటి అంటుంది. ఏ సిద్ధాంతమైనా ఎక్కడ మనసుకు ఎక్కదో సరిగ్గా అక్కడే ఆమె అడ్డుపడుతుంది. గైడ్లలో చివర వచ్చే ‘విమర్శలు’ ఇందులో పాఠం మధ్యలోనే వస్తాయి. జవాబు వస్తుంది కాబట్టి సిద్ధాంతం ఏ ఊహల మీద నిలబడిందో కూడా బయటపడుతుంది.

యంత్రాల సంగతే చూడండి. యంత్రాల వల్ల వస్తువు చవకవుతుంది, గిరాకీ పెరుగుతుంది, చివరికి పనివాళ్లకే మేలు అని మిసెస్ బి నచ్చజెబుతుంది. ఫ్రెంచి ఆర్థికవేత్త జె.బి. సే మాటలు కూడా ఉదాహరిస్తుంది. కెరొలైన్ సరేనంటుంది. కానీ 1821లో తన పుస్తకం మూడో కూర్పులో రికార్డో యంత్రాల మీద కొత్త అధ్యాయం చేర్చి, యంత్రాలు కొన్ని పరిస్థితుల్లో పనివాళ్లకు నిజంగానే నష్టం చేస్తాయని ఒప్పుకున్నాడు. టీచరమ్మ కంటే శిష్యురాలి అనుమానమే గట్టిదన్నమాట! మాంచెస్టర్ బట్ట దిగాక కోస్తా జిల్లాల చేనేత కుటుంబాలు ఏమయ్యాయో తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ చోట ఎవరి పక్షం వహించాలో చెప్పనక్కర్లేదు.

లోపాలు లేవని కాదు. పుస్తకం నాలుగు వందల పేజీలు దాటుతుంది. డబ్బు గురించిన సంభాషణలు సాగదీసినట్టు ఉంటాయి. పేదల గురించి మాట్లాడేటప్పుడు మిసెస్ బి గొంతులో పెద్దింటి ధోరణి దాగదు. చివరి మాట ఎప్పుడూ ఆమెదే. లాభాల రేటు కాలక్రమంలో ఎందుకు పడిపోతుందన్న రికార్డో అసలు ప్రశ్న ఇక్కడ పలచగానే ఉంటుంది. అయినా ఆ రోజుల్లో దీని పేరు మామూలుది కాదు. మార్సెట్ చిన్న సంభాషణలు చదివిన ఏ ఆడపిల్లైనా పాతకాలపు ఆర్థిక మంత్రులకు పాఠాలు చెప్పగలదని 1825లో మెకాలే ఒక వ్యాసంలో రాశాడు. మన ఇంగ్లిష్ చదువుల మెకాలేనే.

జేమ్స్ మిల్: కండ లేని ఎముకల గూడు

కొడుకు జాన్ స్టూవర్ట్ మిల్‌కి పదమూడేళ్లప్పుడు, 1819లో, తండ్రి రోజూ నడకకు తీసుకెళ్తూ ఆర్థిక శాస్త్రం చెప్పేవాడు. మర్నాడు ఆ పిల్లవాడు విన్నదంతా రాసి తేవాలి. స్పష్టంగా లేకపోతే మళ్లీ మళ్లీ రాయాలి. ఆ నోట్సు ఆధారంగానే 1821లో ‘ఎలిమెంట్స్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ’ వచ్చింది. ఇది బడి పుస్తకం అని ముందుమాటలో మిల్ తనే చెప్పుకున్నాడు. తాను కొత్తగా కనిపెట్టిందేమీ లేదనీ అన్నాడు.

రెండు వందల చిల్లర పేజీలు, నాలుగే అధ్యాయాలు: ఉత్పత్తి, పంపిణీ, మారకం, వినియోగం. ఉదాహరణలు తక్కువ, చరిత్ర దాదాపు లేదు, ఒక్క జోకు కూడా లేదు. ఒక వాక్యం ఒప్పుకుంటే తర్వాతి వాక్యం ఒప్పుకోక తప్పదు అన్నట్టు నడుస్తుంది. నచ్చేవాళ్లకు ఇదే నచ్చుతుంది.

రెండో అధ్యాయంలో కౌలు, కూలి, లాభం మూడూ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో ఇంత పొట్టిగా, ఇంత శుభ్రంగా చెప్పిన పుస్తకం ఆ కాలంలో నాకు ఇంకొకటి కనిపించలేదు. కౌలు వాదాన్ని మన లెక్కలో చెప్పుకుందాం. ఒక ఊళ్లో మూడు రకాల పొలాలున్నాయి. ఎకరాకి ఖర్చు మూడింటికీ ఒకటే. దిగుబడి మాత్రం ముప్ఫై, ఇరవై ఐదు, ఇరవై బస్తాలు. జనం తక్కువగా ఉన్నప్పుడు మొదటి రకం పొలమే చాలు, ఎవరూ కౌలు ఇవ్వరు. జనం పెరిగి మూడో రకం కూడా దున్నాల్సి వస్తే, ఆ పొలంలో ఖర్చూ మామూలు లాభమూ గిట్టేలా ధాన్యం ధర ఉండాలి, లేకపోతే ఎవరూ దున్నరు. ఆ ధరకే మొదటి పొలం మీద పది బస్తాలు, రెండో దాని మీద ఐదు బస్తాలు అదనంగా మిగులుతాయి. ఆ మిగులు భూస్వామికి పోతుంది. కాబట్టి ధర ఎక్కువ కావడం వల్ల కౌలు వచ్చింది, కౌలు వల్ల ధర ఎక్కువ కాలేదు.

గోదావరి జిల్లాల్లో కౌలు చేసే రైతు దీన్ని వింటే, ఎంత చవుడు నేలకైనా కౌలు లేకుండా ఎవడిస్తాడండీ అని నవ్వుతాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి మిల్ దగ్గర జవాబుంది: అదే పొలంలో చివరగా పెట్టిన పెట్టుబడిని చూడండి, అది ఖర్చూ లాభమూ మాత్రమే రాబడుతుంది, దాని మీద కౌలు పుట్టదు. తర్కం వరకు జవాబు గట్టిదే. పొలం దొరకని పది మంది ఒకే యజమాని గుమ్మంలో నిలబడితే కౌలు ఎంతకు పోతుందన్నది వేరే విషయం, దాన్ని మిల్ పట్టించుకోడు. మార్సెట్ రాసి ఉంటే ఆ ప్రశ్న కెరొలైన్ నోట వచ్చేదేమో.

తెలుగువాళ్లకు ఈ పుస్తకంతో ఇంకో లెక్క కూడా ఉంది. భారతదేశ చరిత్ర మీద 1817లో పెద్ద గ్రంథం రాసిన ఈ జేమ్స్ మిల్, ఈ దేశం మొహం ఎన్నడూ చూడలేదు. 1819లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో ఉద్యోగంలో చేరి, రెవెన్యూ వ్యవహారాల మీద ఇక్కడికి వచ్చే ఉత్తరాల డ్రాఫ్టులు రాశాడు. భూమి మీద వచ్చే మిగులు ఎవరి కష్టం వల్లా పుట్టలేదు కాబట్టి దాన్ని పన్నుగా తీసుకుంటే వ్యవసాయానికి నష్టం లేదన్న వాదం పుస్తకం చివర పన్నుల దగ్గర వస్తుంది. ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి ఉన్న జమీందారీ పద్ధతి కంటే రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీయే మేలని అతను కంపెనీలో గట్టిగా నిలబడ్డాడు. రైత్వారీ ఇతని ఆలోచన అనుకోకండి. థామస్ మన్రో దత్తమండలాల్లో దాన్ని అమలు చేసేటప్పటికి రికార్డో కౌలు సిద్ధాంతం పుట్టనేలేదు. కానీ తర్వాత ఆ పద్ధతికి పుస్తకం బలం ఇచ్చినవాళ్లలో మిల్ ముందుంటాడు. మిగులు ఎంతో పొలం గట్టు మీద లెక్క తేల్చడం ఎంత కష్టమో పుస్తకంలో కనిపించదు. శిస్తు కట్టిన రైతుకే తెలుసు.

మిల్‌ని మొదటి పుస్తకంగా ఎవరికీ చెప్పను. మార్సెట్ తర్వాత చదివితే, అక్కడ మాటల్లో చెదిరిపోయిన విషయం ఇక్కడ వరసలో పడుతుంది. ఇరవై ఆరేళ్ల కార్ల్ మార్క్స్ 1844లో దీని ఫ్రెంచి అనువాదం దగ్గర పెట్టుకుని నోట్సు రాసుకున్నాడు. మార్క్స్ వైపు వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లకు అది అదనపు కారణం.

మార్టినో: కథలు, అయితే జాగ్రత్త

హారియెట్ మార్టినో నారిచ్ పట్నపు బట్టల వ్యాపారి కూతురు. చిన్నప్పుడే చెవుడు వచ్చింది. 1829లో కుటుంబ వ్యాపారం మునిగిపోయాక కలం మీదే బతికింది. మార్సెట్ పుస్తకం చదివాక, ఇవే సూత్రాలను పాత్రలతో, ఊళ్లతో కథలుగా చెప్పవచ్చు కదా అనుకుంది. ప్రచురించడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. 1832లో మొదలుపెట్టి 1834 దాకా నెలకొకటి చొప్పున 25 పుస్తకాలు వచ్చాయి, విపరీతంగా అమ్ముడయ్యాయి.

అన్నీ చదవమని చెప్పను, చదవలేరు కూడా. పాత్రలు ఉన్నట్టుండి ఉపన్యాసాలు మొదలుపెడతాయి. ప్రతి పుస్తకంలోనూ ఈ కథలో నేర్చుకున్న సూత్రాలు ఇవీ అంటూ జాబితా ఉంటుంది. ‘ఎ మాంచెస్టర్ స్ట్రైక్’ ఒకటి, ‘సినమన్ అండ్ పెర్ల్స్’ ఒకటి చాలు. రెండోది సిలోన్‌లో నడుస్తుంది. దాల్చినచెక్క, ముత్యాల మీద గుత్తాధిపత్యం వల్ల అక్కడే పుట్టిన మనుషులు వాటిని ముట్టుకోవడానికి వీల్లేక ఎలా దరిద్రంలో ఉన్నారో చెబుతుంది. ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం చూసిన మన తీరం వాళ్లకు ఇది పరాయి కథలా ఉండదు. స్వేచ్ఛా వ్యాపారం అన్న మాట అప్పట్లో కంపెనీల పక్షాన కాకుండా, కంపెనీకి ఎదురుగా కూడా నిలబడిందని ఈ కథ చదివితేనే తెలుస్తుంది.

ఫాసెట్: పరీక్ష రాసేవాళ్ల పుస్తకం

మిలిసెంట్ ఫాసెట్‌ని ఇంగ్లండ్ ఆడవాళ్ల ఓటు హక్కు ఉద్యమ నాయకురాలిగా గుర్తుంచుకున్నారు. 2018లో లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో విగ్రహం పెట్టారు. ఆమె 1870లో, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో, ‘పొలిటికల్ ఎకానమీ ఫర్ బిగినర్స్’ రాసింది. భర్త హెన్రీ ఫాసెట్ కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్, చూపు లేనివాడు. భారతదేశ ఖర్చుల గురించి పార్లమెంటులో అదే పనిగా అడిగేవాడు కాబట్టి ‘ఇండియా మెంబరు’ అని పిలిచేవారు. ఆయన పెద్ద పుస్తకం పనిలో సాయపడుతూ, దాన్ని బడి పిల్లలకు తగ్గించి రాయాలన్న ఆలోచనతో ఆమె ఇది తయారుచేసింది.

గొప్ప రచన అని అనను, కానీ పని జరుగుతుంది. ప్రతి అధ్యాయం చివరా ప్రశ్నలుంటాయి. వాటిలో కొన్ని నిజంగా బుర్రకు పని పెడతాయి. స్మిత్ నుంచి కొడుకు మిల్ (జాన్ స్టూవర్ట్) దాకా గొడవలన్నీ సర్దుకున్నాక మిగిలిన రూపం ఇది. అందుకే త్వరగా చదివించేస్తుంది, అందుకే కాస్త చప్పగానూ ఉంటుంది. మరుసటి ఏడాదే, 1871లో, ఇంగ్లిష్ ఆర్థికవేత్త జెవన్స్ పుస్తకం వచ్చి విలువ అన్న దాని పునాదినే మార్చేసింది. క్లాసికల్ సిద్ధాంతాన్ని చివరి మెరుగుతో చూడాలంటే ఇదే సరైన చోటు.

ఒకే ప్రశ్న నలుగురినీ అడిగితే

కొనే ముందు బట్టను వేళ్లతో నలిపి చూసినట్టు, ఈ పుస్తకాలను ఒక ప్రశ్నతో పరీక్షించుకోవచ్చు: కూలి రేటు దేన్ని బట్టి ఉంటుంది? నలుగురి జవాబూ ఒక్కటే. కూలీలకు పెట్టడానికి ఉన్న పెట్టుబడిని కూలీల సంఖ్యతో భాగించండి, అదే. తేడా అంతా చెప్పే తీరులో ఉంది.

మార్సెట్‌లో ఈ జవాబు రాగానే కెరొలైన్ బాధపడుతుంది, ఇంకో దారి లేదా అని వెతుకుతుంది. మిల్ బాధపడడు. జనాభా పెట్టుబడి కంటే వేగంగా పెరుగుతుందని రుజువు చేసి, పుట్టేవాళ్ల సంఖ్యను తగ్గించే మార్గం వెతకడమే అసలు సమస్య అని తేల్చేస్తాడు. 1821లో అలా అచ్చులో రాయడానికి ధైర్యం కావాలి. మార్టినో కథలో విలియం అలెన్ అనే నిజాయితీపరుడు కూలి పెంచమని సమ్మె నడిపిస్తాడు, ఓడిపోతాడు, ఏ మిల్లులోనూ మళ్లీ పని దొరకదు. చివరికి వేసవిలో వీధుల్లో నీళ్లు చల్లే బండి, చలికాలంలో చీపురు. సమ్మెలు వృథా అని నిరూపించాలని ఆమె రాసింది. చదివినవాడికి మాత్రం అలెన్ మీద గౌరవం, మిల్లు యజమానుల మీద కోపం మిగులుతాయి. సిద్ధాంతం కోసం రాసిన కథ సిద్ధాంతానికే ఎదురు తిరగడం చూడాలంటే ఇది చదవాలి.

ఫాసెట్ దగ్గర అదే జవాబు ‘వేతన నిధి’ అన్న పేరుతో, నిర్వచనంగా, ప్రశ్నలతో సహా ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, ఆ వేతన నిధి వాదం నిలవదని జాన్ స్టూవర్ట్ మిల్ 1869లోనే బహిరంగంగా ఒప్పుకున్నాడు. పాఠ్యపుస్తకాలు అంత తొందరగా మారవు కదా.

జె.బి. సే ‘కాటెకిజం’ని ఈ లిస్టులో ఎందుకు పెట్టలేదని అడగవచ్చు. 1815 నాటి ఆ ప్రశ్న-జవాబుల పుస్తకం పొట్టిగా, తేలిగ్గానే ఉంటుంది. కానీ విలువ ఉపయోగం నుంచి వస్తుందని సే అంటాడు, రికార్డో దారి శ్రమ వైపు. రెండూ మొదట్లోనే కలిపితే కొత్తవాళ్లకు అయోమయం. తర్వాత చదువుకోవచ్చు.

నాలుగింటిలోనూ దొరకనిది ఒకటుంది: వీటి పాఠం మన దేశంలో ఏం చేసిందన్నది. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్న పాఠం వీటన్నిటిలో ఏదో ఒక రూపంలో ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆ పాఠం విదేశీ ధాన్యాన్ని అడ్డుకుని భూస్వాములకు లాభం చేసే ధాన్య చట్టాల మీద పోరాటం. ఇక్కడికి వచ్చేసరికి దాని అర్థం మారిపోయింది. కంపెనీ సివిల్ ఉద్యోగులు చదువుకున్న హెయిలీబరీ కాలేజీలో 1805 నుంచి చనిపోయేదాకా మాల్థసే ఈ సబ్జెక్టు చెప్పాడు. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు మద్రాసు గవర్నరు ముందుగా ధాన్యం కొనిపెడితే పైనుంచి చీవాట్లు వచ్చాయి. కరువు పనుల కూలిలో ధాన్యం వాటాను రోజుకు పౌనుకి తగ్గించమన్న రిచర్డ్ టెంపుల్, వైస్రాయి పంపిన అధికారి, హెయిలీబరీలో చదివినవాడే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఏం జరిగిందో తెలిసిందే. ఈ పాఠ్యపుస్తకాలు చదివేటప్పుడు పక్కన ఆ కరువు చరిత్ర కూడా పెట్టుకోండి.

పుస్తకాలు దొరకడం కష్టం కాదు. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉచితం. మిల్‌కి 1826 నాటి మూడో కూర్పు తీసుకోండి, అతనే దిద్దాడు. ఫోనులో చదివేవాళ్లకు ఆ స్కాన్లు చిరాకు పెడతాయి, టైపు చేసిన పాఠం దొరికితే అదే మేలు.

పదిహేను రోజులే ఉంటే ఇలా చేయండి: మార్సెట్‌లో పెట్టుబడి, కూలి, కౌలు సంభాషణలు, ఆ వెంటనే మిల్ రెండో అధ్యాయం, ఫాసెట్ ప్రశ్నల్లో వాటికి సంబంధించినవి రాసి చూసుకోవడం. ఆ తర్వాత రికార్డో తీయండి. మొదటి అధ్యాయం వదిలేసి రెండోది, కౌలు మీద ఉన్నది, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఆపైన కూలి, లాభం, విదేశీ వ్యాపారం: ఐదు, ఆరు, ఏడు అధ్యాయాలు. మూడో కూర్పు అయితే ముప్ఫై ఒకటో అధ్యాయం, యంత్రాల మీదది. విలువ అధ్యాయానికి ఇవన్నీ అయ్యాకే రండి.